మాడని రొట్టె

కుతాయిసిలో ఇంకా తెల్లారలేదు.
మట్టిపొయ్యి లోగోడకి రొట్టె అంటించబోతే
నాజిబ్రోలా మణికట్టు చుర్రుమంది.

"మొద్దు చెయ్యి!
ముప్పై ఏళ్లయినా బుద్ధి రాలేదు."
తనని తాను తిట్టుకోవడం
పిండిలో ఉప్పంత అలవాటు.

మొన్న పనిపిల్లాడు వాఖోకి ఇలాగే కాలితే
పరుగున వెళ్లి చన్నీళ్లు పోసింది,
ఉఫ్ ఉఫ్ అని ఊదింది,
"ఏం కాదు నాన్నా, పొయ్యికి కళ్లుండవు" అంది.

ఆ మాట ఇప్పుడెందుకో గుర్తొచ్చింది.
కుళాయి తిప్పి
చెయ్యి నీళ్లకింద పెట్టి
చాలాసేపు,
ఎవరో కిటికీ తట్టేదాకా,
అలాగే నిలబడింది.
"పొయ్యికి కళ్లుండవు" అంది మెల్లగా.
"నన్నా?" అన్నాడు వాఖో.
"నిన్ను కాదులే."

రోజూ మాడినది తనకి,
విరిగినది తనకి.
ఇవాళ మొదటి వాయిలో
పడవలా వంగి దోరగా కాలినదాన్ని
అమ్మకుండా పక్కన పెట్టింది.

బయట వరసలో ముసలి గివీ గొణుగుతున్నాడు.
గొణగనీ.

పిండిమూట మీద కూలబడి
వేడిముక్క తుంచింది.
చీజ్ లేదు, ఉంటే బాగుండేది.
ఒక్క రొట్టె తిన్నంత సేపు
కిటికీ తెరవలేదు.