జేబు లేని చొక్కా

లేక్ చార్ల్స్ చుట్టుపక్కల
అరవై రెండు కూల్‌డ్రింకు మెషీన్లు మా నాన్నవి.
శుక్రవారం రాత్రుళ్లు తాళాలు తీసి, వాటి పొట్టల్లోని చిల్లరంతా
గోనెసంచుల్లోకి వొంపుకుని వచ్చేవాడు.
కారు మలుపు తిరిగితే గలగలమనేది,
పెళ్లికూతురు నడుస్తున్నట్టు.
ఒకసారి ఎవడో సంచీ కోసం తల పగలగొట్టాడు.
ఏడు కుట్లు.
ఆ తర్వాతే కుడి నడుముకి పిస్తోలు వచ్చింది.
చొక్కా దాని మీద పరదా.

లైసెన్సు కోసం శనివారాలు క్లాసుకెళ్లాడు.
కాల్చడం వాళ్లు నేర్పారు.
తూటా తినకుండా ఇంటికి రావడం
వంటింట్లో తనే నేర్చుకున్నాడు.

కుర్చీలో కూర్చుని సత్తుపళ్లెం పట్టుకునేవాడు,
అది స్టీరింగు.
టార్చిలైటుతో నేను పోలీసు.
అద్దం దించేవాడు, లేని అద్దాన్ని.
లోపలి దీపం వేసేవాడు.
చేతులు పళ్లెం అంచు మీద,
పది వేళ్లూ లెక్కకి వచ్చేలా.
అంతవరకూ సులువే.
మాట దగ్గరే ఆగిపోయేవాడు.

"తుపాకి ఉందండీ, లైసెన్సు కూడా..." అంటే
రెండో ముక్క వినేలోపు
మొదటి ముక్కకి జవాబొచ్చేస్తుంది కదే, ఒడీల్!
అందుకని లైసెన్సుతో మొదలుపెట్టి
అసలు మాటని,
నిద్రలో ఉన్న పసిబిడ్డని పక్క మీద పడుకోబెట్టినట్టు
చివర్న మెల్లగా దించేవాడు.
నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
నాన్న నోరు మంచిదే.
ఊరి సంగతి నాన్నకీ తెలీదు.

పర్సు మాత్రం ఎప్పుడూ ఎడమ రొమ్ము మీది జేబులో.
పిస్తోలు వైపు చెయ్యి పోవాల్సిన పని
ఒక్కటీ ఉండకూడదు.

ఆ శుక్రవారం నేనూ వెళ్లాను.
నాన్న ఒంటి మీద మేనత్త కొనిచ్చిన ఆకుపచ్చ చొక్కా.
జేబు లేదు.
పర్సు ప్యాంటు వెనక జేబులో,
పిస్తోలుకి పక్కింటిదై కూర్చుంది.

సల్ఫర్ దాటాక వెనక నీలం, ఎరుపు.
వచ్చినవాడికి మీసం ఇంకా సరిగా రాలేదు.
వెలుగు మొదట నా మీద,
తర్వాత సంచుల మీద,
తర్వాత నాన్న మీద ఆగిపోయింది.

నాన్న చెప్పాడు. పళ్లెంతో చెప్పినట్టే చెప్పాడు.
"పర్సూ అటే ఉంది సార్. నేను కదలను. మీరెలా అంటే అలా."
ఈ చివరి ముక్క మేం ఎప్పుడూ సాధన చెయ్యలేదు.

ఆ అబ్బాయి చెయ్యి తన ఒర మీదకి పోయింది.
తీయలేదు. వెనక్కీ రాలేదు.
"కదలకు," అన్నాడు
కదలని మనిషితో.

అప్పుడొచ్చింది దోమ.
మేం వేసిన దీపం చూసే వచ్చింది.
నాన్న ఎడమ చేతి మణికట్టు మీద వాలి,
స్థిమితంగా, విందుకొచ్చిన చుట్టంలా,
మొదలుపెట్టింది.
దాని పొట్ట ఎర్రబడ్డం చూశాను.
ఉబ్బడం చూశాను.
నా చెయ్యి లేవబోతే
నాన్న పెదవి కదపకుండా నా పేరు అన్నాడు.
ఒడీల్.
అంతే.

రెండో కారు వచ్చేదాకా అలాగే.
అందులోంచి నెరిసిన జుట్టావిడ దిగి
తనే వెనక జేబులోంచి పర్సు తీసుకుంది, చూసింది,
తోకదీపం ఒకటి వెలగట్లేదంది.

ఆ రాత్రి మా నాన్న ఒంట్లోంచి పోయిన నెత్తురు
ఒక దోమకి సరిపడా.

ఇంటికొచ్చి తెల్లారేదాకా గోక్కుంటూనే ఉన్నాడు.
ఆదివారం అమ్మ బీరువా అంతా కుమ్మరించి
జేబు లేని ప్రతి చొక్కాకీ జేబు కుట్టింది,
పడుకునేటప్పుడు వేసుకునే దానికి కూడా.
నా గౌనుకీ ఒకటి కుట్టమన్నాను.
అందులో ఏం పెట్టుకుంటావే, అంది
సూదిలోకి దారం ఎక్కిస్తూ.