ఏ కిటికీ

నీళ్లు మళ్లీ గడ్డకట్టాయి.
ఆరింటికి పోసినవి ఎనిమిదికల్లా
రబ్బరు గిన్నెకు అచ్చు తీసినట్టు మంచుబిళ్ల.
బోర్లించి మడమతో ఒక్కటిస్తే ఊడిపడుతుంది.
పొద్దుటి బిళ్లను మాత్రం గూటి గోడవారన పేరుస్తాను.
ఇవాళ్టికి నలభై ఒకటి.
వసంతం వచ్చి తనే లెక్క చెరిపేస్తుంది.

ఈ కోళ్లు నావి కావు, సైమివి.
ముప్పై ఏళ్లు మంచు తోసే లారీ నడిపాను నేను.
కుహ్మో నుంచి రష్యా సరిహద్దు దాకా
ఏ మలుపులో బండి జారుతుందో కళ్లు మూసుకుని చెబుతాను.
కోడి సంగతి మాత్రం
పళ్లెంలోకి వచ్చాకే తెలుసు.

పోయే ముందు ఇల్లు గురించీ అడవి గురించీ
ఒక్క మాటా అనలేదు సైమి.
"కిటికీ మూసెయ్యకు" అంది.
జ్వరం మాట్లాడుతోందనుకున్నాను.

నవంబరులో మొదటి గట్టి చలికి జాలేసి
గూటి చూరు కింద సందులన్నీ
నా పాత చొక్కాలతో కుక్కాను.
తెల్లారి తలుపు తీస్తే
గోడలకు పట్టిన చెమట తెల్లగా పేరుకుని,
పుంజు తురాయి మూడు కొనలు బొగ్గు.

పక్కింటి హెల్వి వచ్చింది. తిట్టలేదు.
ఒక్కో చొక్కా పీకి మంచులోకి విసిరింది.
"చలికి అవి తట్టుకుంటాయి టౌనో, చెమ్మకే తట్టుకోలేవు.
వాటి ఊపిరి వాటి మీదే పడేలా చేశావు."

నా ఎడమచేతి చిటికెనవేలికి గోరు లేదు.
ఎనభై ఏడులో, బ్రేకు పట్టేసిన రాత్రి, చలి తీసుకుపోయింది.
ఆ వేలితోనే ఇప్పుడు
రోజూ చీకటి పడ్డాక తురాయిలకు వాసెలిన్ రాస్తాను.
మధ్యాహ్నం రెండింటికే చీకటి ఇక్కడ.
డేగ పెట్ట ఊరుకుంటుంది. కాకి పెట్ట పొడుస్తుంది.
పుంజు మాత్రం నల్లబడ్డ చోట వేలు ఆనగానే
కన్ను ఓరగా మూస్తుంది.
మాకిద్దరికీ అక్కడ స్పర్శ లేదు మరి.

గుండ్రటి కర్ర తీసేసి వెడల్పు పలక వేశాను,
కాలివేళ్ల మీద పొట్ట ఆన్చుకుని కూచుంటాయని.
దీపం పెట్టలేదు. ఎండుగడ్డి, నిప్పు, నా మతిమరుపు,
మూడూ ఒకచోట చేరకూడదు.
ఓట్స్ జావ వెచ్చగా తెస్తే
ఏడు ముక్కులు ఒక్కసారే దిగుతాయి.
ఆ కాసేపు గూడంతా ఆవిరి.
ఆ ఆవిరి చూరు సందులోంచి బయటికి పోయేదాకా
నేను కదలను.

నిన్న ఒక గుడ్డు దొరికింది, నిట్టనిలువుగా పగిలి.
లోపలిది గడ్డకట్టి పెంకును చీల్చుకుంది.
జేబులో వేసుకుని ఇంటికొచ్చేసరికి
చొక్కా అంతా జిగట.

సైమి అన్నది గూటి కిటికీయే అని
హెల్వి అంటుంది. అయ్యుండొచ్చు.
అయినా పడకగదిది కూడా
వేలెడు తెరిచే పడుకుంటున్నాను.
మైనస్ ముప్పై రెండు.
మూడు దుప్పట్లు, ఉన్నిటోపీ.
నా ఊపిరి నా మీద పడకుండా
బయటికి పోతుండగా
అవతల చీకట్లో పుంజు
టైము కాకుండానే ఒకసారి కూస్తుంది.