ఆలస్యంగా వచ్చే వెలుగు

యొయెన్సూలో జనవరి.
తొమ్మిదిన్నర దాటాక వచ్చిన సూర్యుడు
కోటైనా విప్పకుండా మూడింటికల్లా లేచి వెళ్ళిపోతాడు.
మిగతా వెలుతురంతా మంచు ఇచ్చే అప్పే.

ప్రయోగశాల నేలమాళిగలో ఇల్మి
కల్వంలో తెల్లపొడి నూరుతోంది.
వాళ్ళ నాన్న తౌనో ఇళ్ళకు రంగులేసేవాడు.
గోళ్ళ సందుల్లో ఇదే పొడి, టైటానియం తెలుపు,
శనివారం ఆవిరిస్నానానికీ వదిలేది కాదు.
"తెలుపు రంగు కాదే పిల్లా," అనేవాడు బ్రష్షు విదిలిస్తూ,
"లోపలికెళ్ళి, దారి దొరక్క,
వచ్చిన గుమ్మంలోంచే బయటపడ్డ వెలుగు."
ఆరో తరగతి దాటనివాడు.
సరిగ్గానే చెప్పాడు.

ఒక్కో రేణువూ విడిగా చూస్తే గాజుముక్కే,
ఏమీ దాచుకోదు.
కోటి రేణువులు ఒకచోట చేరితే
ఏ ఒక్కటీ దారివ్వదు.
లేజరు తునక లోపలికి దూకుతుంది,
తిరునాళ్ళలో చెయ్యి జారిన పిల్లలా
కుడికి తోస్తే కుడికి, వెనక్కి నెడితే వెనక్కి,
గుద్దుకున్న ప్రతివాణ్ణీ ఇల్లెక్కడని అడుగుతూ.
మిల్లీమీటరు మందం దాటడానికి
మీటర్ల కొద్దీ నడక.

కానీ వెలుగు పిల్ల కాదు, అల.
ఒకే చుట్టును ఇటునుంచీ అటునుంచీ
ఏకకాలంలో తిరుగుతుంది.
రెండు నడకలదీ ఒకటే దూరం గనక
బయల్దేరిన చోటే ఎదురుపడి అడుగు కలుపుతాయి.
అక్కడ వెలుగు ఒకటికి రెండింతలు.
ముందుకు పోవాల్సింది కాస్తా
మళ్ళీ మళ్ళీ మొదటికొస్తుంది.

గజిబిజి ఇంకా పెంచు.
ఒక తాకిడికీ మరో తాకిడికీ నడుమ
ఒక్క అలైనా కాలు చాపుకునే చోటు లేనంతగా పెంచు.
అప్పుడిక, లెక్క ప్రకారం,
ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.
తాళం లేదు. గోడ లేదు.
మింగేసే నలుపూ లేదు.
ఉన్నచోట ఉండిపోవడం, అంతే.

అది చూడాలనే పదకొండేళ్ళుగా నూరడం.

మొన్న బుధవారం రాత్రి గ్రాఫులో తోక వంగింది.
వెలుగంతా వెళ్ళిపోయాక కూడా
డిటెక్టరులో టిక్కు. ఇంకో టిక్కు.
విస్తళ్ళు ఎత్తేశాక వచ్చే చుట్టాల్లా
నానోసెకన్ల ఆలస్యంగా, ఒకటొకటిగా.
"ఆగింది!" అని యాల్మారి కుర్చీ మీంచి లేచాడు,
చేతిలో దాల్చినచెక్క రొట్టె సగం కొరికి ఉంది.
ఇల్మి మాట్లాడలేదు.
సొరుగులోంచి రంగుగాజు తీసి
డిటెక్టరు కంటికి అడ్డం పెట్టింది.
టిక్కులు ఆగిపోయాయి.

ఎక్కడిదో చిటికెడు మలినం,
నారింజ వెలుగును మింగి
తీరిగ్గా ఎర్రగా కక్కుతోంది.
ఆగింది వెలుగు కాదు.
యాల్మారి మిగతా రొట్టె తినలేదు.

గడ్డకట్టిన నది మీదుగా ఇంటికి నడుస్తూ
చేతికర్ర మంచులో గుచ్చి తీసింది.
కన్నం అడుగున నీలం.
పైన నీలం ఎక్కడా లేదు,
లోపల తిరిగి తిరిగి మిగిలిన రంగు అది.
కాసేపు వంగి చూసింది,
మోకాళ్ళు నొచ్చేదాకా.

ఫోను మోగింది.
"చిక్కిందా?" తౌనో గొంతు.
"లేదు నాన్నా, మురికి."
"ఎన్ని పూతలేశావు?"
"ఒకటే."
అటువైపు చాలాసేపు ఏమీ వినపడలేదు,
నవ్వుతున్నాడో, చుట్ట వెలిగించుకుంటున్నాడో.
"ఒక్క పూతకి గోడే కనపడుతుందే.
గీకెయ్. కడుగు. ఆరనీ."

గురువారం పొద్దున్న ఎనిమిదింటికి, ఇంకా చీకటే,
కల్వం మూడోసారి కడుగుతోంది.