నలభై ఒకటో పెట్టె

పెట్టెల మీద లోతులు రాయడం నా పని.
ఎర్ర రంగు, సన్న కుంచె, రోజుకి నాలుగొందల యాభై.
రెండువేల ఎనిమిదొందల మీటర్ల కిందనుంచి
గొట్టంలో పైకొచ్చిన రాయి
రేకుల షెడ్డులో వరసగా పడుకునేది.

నలభై ఒకటో పెట్టె విప్పినప్పుడు
కిరసనాయిలు దీపం ఆర్పిన వాసన.
నల్లగా, పొరలు పొరలుగా,
ఆత్రేయపురం పూతరేకుని
చక్కెర బదులు కాటుక పెట్టి చుట్టినట్టు.
గోరు పెడితే విడిపోయింది.
లోపల ఆవగింజలంత మెరుపులు.

"కాకిబంగారం" అన్నాడు భానోజీ సార్.
"ఇనుమూ గంధకమూ. పక్కనే నికెలు, వెనేడియం,
చిటికెడు ఆర్సెనిక్కు కూడా.
ఇదొకప్పుడు సముద్రం అడుగున గాలాడని బురద.
చచ్చిందల్లా అక్కడికి దిగి
దొరికిన లోహాన్నల్లా కావలించుకుని నిద్రపోయింది."
నిద్రపోయింది అనే అన్నాడు.
రిపోర్టులో ఆ మాట లేదు.

నూకరత్నం గారి మెరకలో గొయ్యి తవ్వారు,
రిగ్గు కక్కిన రాతిపొడి పొయ్యడానికి.
అడుగున నల్ల ప్లాస్టిక్ పట్టా.
పెళ్ళిపందిరికి కప్పేదానికన్నా మందమేనన్నారు.
ఆవిడ నమ్మింది. కౌలు డబ్బుతో
రెండు గేదెల్ని కొంది.

రిగ్గు వెళ్ళిపోయింది. గొయ్యి ఉండిపోయింది.
ఆశ్వయుజంలో వాయుగుండం, మూడు రోజులు ముసురు.
గాలీ నీరూ తగిలి రాయికి మెలకువొచ్చింది.
మెరుపు తుప్పయింది, తుప్పు పులుపయింది,
పులుపు మిగతావాటిని చెయ్యిపట్టి లేపింది.
పట్టా ఏ మూల చిరిగిందో ఎవరూ చూడలేదు.

మురుగు బోదెలో చింతపండు పిసికిన రంగు.
గట్టు రాళ్ళకి పసుపు పూత,
గడపకి రాసినట్టే.
గేదెలు మూతి పెట్టి వెనక్కి తీశాయి.

"నీ పెట్టెల మీద రాసుందా ఇది?" అడిగిందావిడ.
లోతు రాశానండి.
ఎంత కిందనుంచి తెచ్చామో రాశాను.
ఎంత దూరం పోతుందో రాసే గడి
ఆ పెట్టెకి లేదండి.

బోదె వెళ్ళి కోడులో కలుస్తుంది.
కోడు రొయ్యల చెరువులు దాటి ఉప్పుటేట్లో,
ఏరు సముద్రంలో.
వచ్చిన చోటికే పోతోందిలే అనుకుంటే
కాసేపు మనసు కుదుటపడుతుంది.
ఆవిడ బావి గుర్తొచ్చేదాకా.

షెడ్డుకిప్పుడు తాళం.
జేబులో తెచ్చుకున్న ముక్క ఒకటి
కిటికీలో ఉంది, కూలి చీటీల మీద బరువుగా.
ఇవాళ ఎత్తి చూస్తే పై చీటీ
పచ్చగా మాడి ఉంది. ముట్టుకుంటే పొడైంది.

పళ్ళెంలో చేతులు కడుక్కున్నాను.
ఆ నీళ్ళు పట్టుకుని
గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను,
ఎక్కడ పారబొయ్యాలో తెలీక.