టోపీ పెట్టి వెళ్ళినవాళ్ళు

కారా-బాల్తా దాటాక కొండ మొదలయ్యేచోట
ఒక రేకుల షెడ్డు.
బయట నిలబెట్టిన లారీ టైరు మీద
సున్నంతో ఒకే మాట: గాలి.

లోపల బురుల్చా.
మోచేతుల దాకా నలుపు.
పెళ్ళి ఉంగరం మేకుకి వేలాడుతుంది, పని అయ్యేదాకా.
నేను జాకీ తిప్పే కుర్రాణ్ణి.
ఇది నా మూడో చలికాలం.

ఆమె కారు మెరుపు చూడదు.
వచ్చీరాగానే మోకాళ్ళ మీద కూర్చుని
టైరుకి అరచెయ్యి ఆనిస్తుంది,
గొర్రె పొట్ట తడిమి
ఈనడానికి ఎన్నాళ్ళుందో చెప్పే కాపరిలా.
తర్వాత మూడు సోమ్‌ల నాణెం
గాడిలో నిలబెడుతుంది.
అంచు మునిగితే తల ఊపుతుంది.
మునగలేదా, నాణెం నా చేతిలో పెట్టి
"నువ్వు చూపించు,
నేను చెబితే తిట్టినట్టుంటుంది" అంటుంది.

ఆ రోజు వచ్చినవాడు షైలోబెక్.
తెల్ల హోండా, స్టీరింగు కుడివైపు.
వెనక సీట్లో అత్తగారు,
ఆవిడ ఒళ్ళో కుట్టుమిషను.
"గాలి కొట్టండి చాలు,
చీకటిపడేలోగా కనుమ దాటాలి."

"ఇప్పుడే కొలవను" అంది బురుల్చా.
"అరవై కిలోమీటర్లు పరిగెత్తించి తెచ్చావు.
వేడిమీదున్న గాలి అబద్ధం చెబుతుంది.
టీ తాగు.
చల్లారితే అదే నిజం చెబుతుంది."

టీ చల్లారకముందే ఆమె చెయ్యి ఆగింది.
ముందు ఎడమ టైరు, లోపలి చెంప.
కోడిగుడ్డంత బుడిపె.
పక్కనే నాలుగంకెలు:
పదమూడో సంవత్సరం, పదకొండో వారం.
అరక్కుండానే ముసలైపోయింది రబ్బరు.

"ఈ కనుమ నలభైసార్లు దాటాను" అన్నాడతను.
"నువ్వు మర్చిపోయావేమో,
ప్రతిసారీ ఈ టైరు లెక్కపెట్టుకుంది."

స్టెప్నీ?
డిక్కీ ఎత్తాం.
స్టెప్నీ ఉండాల్సిన గుంటలో
ఉల్లిపాయలు.

అత్తగారు మొదటిసారి నోరు తెరిచింది:
"ముందే చెప్పాను.
గుండ్రంగా ఉన్నంత మాత్రాన..."
మిగతాది మింగేసింది.
కుట్టుమిషను ఒళ్ళో కదిలింది.

డబ్బు లేదు. తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు.
అందరూ అదే అంటారు.
బురుల్చా అతని ముఖం ముందు అరచెయ్యి చాపింది.
అడుక్కోవడానికేమో అనుకున్నాడు పాపం.
"చూడు. కారూ, నువ్వూ, ఆవిడా, ఆ మిషనూ
ఇంత బరువూ రోడ్డుని తాకేది ఇంతే.
చక్రానికి ఒక అరచెయ్యి.
ప్రాణం అరచేతిలో పెట్టుకుని పోవడమంటే
ఉత్త మాట కాదబ్బాయ్,
కొలత."

ఒకే జత, కొత్తవి కాకపోయినా
గాడులు లోతుగా ఉన్న రెండు టైర్లు
లోపల్నించి దొర్లించుకొచ్చింది.
తాకట్టు: తలమీది తెల్ల ఉన్ని టోపీ.
మా వాళ్ళు ఇల్లైనా రాసిస్తారు గానీ
టోపీ తియ్యరు.
అతను తీశాడు. నడినెత్తి బట్టతల.
అత్తగారు కిటికీ వైపు తిరిగింది.

నట్లు నేను బిగించాను.
ఒకటి, తర్వాత దాని ఎదుటిది,
పక్కపక్కవి బిగిస్తే చక్రం ఒకవైపు అలుగుతుంది.
"సూసమీర్ దిగగానే పానాతో ఇంకోసారి చూసుకో"
అని కారు కదిలాక కూడా అరిచాను.

మా గోడకి పదకొండు టోపీలు.
అందరూ మనకి టోపీ పెట్టి పోయారంటాను నేను.
ఆమె నవ్వదు.
వారానికోసారి దులిపి మళ్ళీ తగిలిస్తుంది.
మంచు పెళపెళా కురిసిన రాత్రి
ఒకసారి, నేను అడక్కుండానే అంది:
"చెడు ఊహించకు.
కొందరు కొత్త టోపీ కొనుక్కునుంటారు."

తొమ్మిదోనాడు ఒక లారీవాడు
రెండు టైర్లు, అరబస్తా ఉల్లిపాయలు
దింపి, తెల్ల టోపీ అడిగాడు.
డబ్బు గురించి అతనికేమీ తెలీదు.
బురుల్చా ఏమీ అనలేదు.
మోకాళ్ళ మీద కూర్చుంది,
అరచెయ్యి ఆనించింది,
స్క్రూడ్రైవరుతో గాడిలోంచి
ఒక గులకరాయి పెకలించింది.

ఎర్రటి రాయి.
కొండకి మా వైపు ఆ రంగు లేదు.