నల్లవైరు

పత్తికొండలో రాత్రి పదికి
జిరాక్స్ అంగడి షట్టర్ సగం దించి
ఐస్‌పుల్లలతో కట్టిన చెయ్యిని బల్లమీద నిలబెడతా.
భుజం, మోచెయ్యి, మణికట్టు, పిడికిలి:
నాలుగు నీలం సర్వోలు,
కర్నూలు బస్సులో పార్సిలుగా వచ్చినవి,
ఒక్కోటి నూటిరవై.

తొంభై డిగ్రీల కాడ నిలబడమంటే
నిలబడదు.
చలిజ్వరం పట్టిన పిల్లోని మాదిరి
వణకతాది, గుర్రుమంటాది, మళ్లీ వణకతాది.
పిడికిట్లో పెట్టిన బుడ్డ జారి
దొర్లుకుంటా
లామినేషన్ మిషన్ కిందికి పోతాది.

మొదట కోడ్‌ను అనుమానించినా.
తర్వాత పళ్లచక్రాలను,
మరలను, జిగురును,
చివరికి అమ్మినవాణ్ని.
తొలకరి పడినాక జొన్నగిరి చేన్లలో
వజ్రానికి వంగినోళ్ల మాదిరి
బోర్డు మీద వంగి వంగి మెడ పట్టుకునింది.
డిలే పదిహేను పెట్టినా, యాభై పెట్టినా.
వణుకు నిదానంగా వణికింది,
అంతే.

అట్లాంటి రాత్రి
వన్‌బీ కాయితం కాపీకని
షట్టర్ కింద తల దూర్చినాడు
మోటార్లు చుట్టే మద్దిలేటన్న.
గోళ్ల సందుల్లో వార్నిషు ఆరిపోయి ఉంది.
కాయితం మరిచిపోయి చెయ్యినే చూసినాడు.
"ఎన్ని మోటార్లప్పా?"
నాలుగు.
"లైను యాడ్నించి?"
ల్యాప్‌టాప్ నుంచి వచ్చే సన్న వైరు చూపించినా.
నవ్వలేదు.

"మా చేన్ల కాడ
ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద పదకొండు బోర్లు.
కరెంటొచ్చిన నిమిషానికి
అందరి ఆటో స్టార్టర్లూ ఒక్కసారే లేస్తాయి.
అప్పుడు యా మోటారూ తిరగదు.
అన్నీ మూలుగుతాయి.
రైతు మోటారును తిట్టి నా కాడికి మోసుకొస్తాడు.
ఇప్పి చూస్తే
చుట్ట బంగారం మాదిరి ఉంటాది."

మీటరు పెట్టినా.
ఐదు ఉండాల్సిన చోట
చెయ్యి లేస్తానే మూడు ముప్పాతిక.
బోర్డు సొమ్మసిల్లి, లేచి, మళ్లీ సొమ్మసిల్లి
లేచిన ప్రతిసారీ
నేనెవరు, చెయ్యి యాడుంది అని
మొదట్నించీ అడుగుతాంది పాపం.

సెల్లులు నాలుగు వేరేగా కట్టినా.
సర్వోల కూడు సర్వోలకు,
బోర్డు కూడు బోర్డుకు.
వేరుకాపురం.
స్విచ్చి వేస్తే
చెయ్యికి శివమెత్తింది.
టీగ్లాసు ఎగిరి
అతని సర్వే నంబరు మీద పడింది.

"నల్లవైర్లు కలిపినావా?"
అన్నాడు కాయితం విదిలిస్తా.
కలపలేదు.
"వేరు పడితే పడినారు గానీ
నేల ఒకటే ఉండల్ల గదప్పా.
లేకుంటే వాడు ఐదంటే
యాడ్నించి కొలిచిన ఐదని
వీనికెట్ల తెలుస్తాది?"

బెత్తెడు నల్లవైరు.
పళ్లతో ఒలిచి మెలిపెట్టినా.
చచ్చిన సెట్‌టాప్ బాక్సులోంచి పీకిన కెపాసిటరు
సెల్లుల పక్కన,
తెల్లగీత ఉండే కాలు నేల దిక్కు.
కుళాయి రాని పూటకు
వాకిట్లో నిండుగా ఉన్న తొట్టి.

చెయ్యి లేచింది.
నిలబడింది.
అంగట్లో ఫ్యాను ఉందని,
ఆదోని లారీలు ఈ రోడ్డునే పోతాయని
నెల తర్వాత మళ్లీ వినపడింది.

ఇంకా కొంచెం ఉంది లే.
తొంభైకీ తొంభై ఒకటికీ నడుమ
చీమంత గుర్రు.
కోడ్‌లో ఉందో, పళ్ల సందులో ఉందో
రేపు చూడాల.

మిషన్ కింద నుంచి బుడ్డ తీసి పెట్టినా.
పట్టుకునింది, తిరిగింది,
మద్దిలేటన్న అరచేతిలో ఇడిచింది.
ఆయన బొటనేలితో చిట్లించినాడు.
లొట్ట.
"లొట్టేదో కాయేదో దీనికి తెల్దే ఇంకా"
అని పొట్టు బల్లమీదనే పెట్టినాడు.

తడిసిన వన్‌బీని
హీటర్ మీద ఆరబెట్టి రెండు కాపీలు తీసినా.
దుడ్లు అడగలేదు.
ఇస్తానని ఆయనా అనలేదు.