సొంత డబ్బా

సొంత డబ్బా కొట్టుకోవద్దే అని
ఆదోని జిన్నింగ్ మిల్లు సందులో పెంచింది మా అవ్వ.
ఇప్పుడు బెంగుళూరు మున్నెకొళాలలో, మూడో అంతస్తులో,
పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా
అదే నా మొదటి డ్యూటీ.

ఎనిమిదిన్నర ఎందుకంటే
వైట్‌ఫీల్డ్ మెట్రోలో నిలబడ్డవాళ్ళు
అప్పుడే బొటనవేళ్ళతో లోకాన్ని పైకి తోస్తుంటారట.
చెప్పింది పక్కగది జోషిత.
ఇరవై నాలుగేళ్ళు.
నాకంటే రెండు ఉద్యోగాలు ఎక్కువ పోగొట్టుకున్న పిల్ల.

ఫోటో కూడా ఆమే తీసింది, డాబా మీద.
వెనక నల్లటి నీళ్ళ ట్యాంకు, ఆరేసిన నైటీలు.
ఫోనులో వేలితో రుద్దితే అవన్నీ పోయి
నేనెన్నడూ తెరవని పుస్తకాల అర వచ్చింది.
ట్యాంకుతో పాటు నా ఎడమ చెవి కొసా పోయింది.
"ఎవరూ చూడరులే అక్కా" అంది.
చూడాలనే కదే ఇదంతా!

మీ గురించి రెండు వాక్యాల్లో, అని అడిగింది తెర.
పదకొండేళ్ళు ఇతరుల కోడ్‌లో తప్పులు పట్టాను.
ఏ గడి నింపకపోతే ఏది కూలుతుందో,
ఫిబ్రవరి ముప్పై అని కొడితే ఏమంటుందో,
పేరులో చుక్క ఉంటే ఎక్కడ నోరు తెరుస్తుందో
అన్నీ చూసినదాన్ని.
నా మీద నేను రాసుకున్న ఏ వాక్యమూ నిలబడదు.
"ఉత్సాహవంతురాలు" ఫెయిల్.
"ఫలితాలే లక్ష్యంగా" మళ్ళీ పరీక్షించాలి.

పేరు దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాను.
సర్టిఫికెట్లలో ఉరుకుందమ్మ.
ఆఫీసులో అది ఉర్కు అయి, యూకే అయి,
"ఏం యూకే, లండన్ ఎప్పుడొచ్చావ్?" అనే జోకై
పదకొండేళ్ళు అరిగింది.
యూకే అనే ఉంచమంది జోషిత, వెతకడం తేలికట.
ఉంచాను.
ఫోటో చుట్టూ ఆకుపచ్చ గాజు తొడిగాను.
పని కావాలి అని దానర్థం.

తరవాత పరస్పర డబ్బా.
సుకుమారన్‌కి నేను "నాయకత్వం" అని ముద్ర వేస్తే
అతను నాకు "ఒత్తిడిలో ప్రశాంతత" వేశాడు.
నిరుడు రిలీజు రాత్రి
ఇద్దరం ఒకరి మీద ఒకరం అరుచుకున్న సంగతి
ఆ రెండు ముద్రలకీ తెలియదు.

మంగళవారం నూట పద్నాలుగు మంది అభినందించారు,
ఆ కంపెనీలో పన్నెండో ఏట అడుగుపెట్టినందుకు.
పాత తేదీ తీసెయ్యడం మరిచాను.
నేను! తప్పులు పట్టేదాన్ని!
కొందరికి థాంక్స్ కూడా చెప్పాను, ఏం చెయ్యను.

కింద ఇస్త్రీ మునిరాజు బండికి బోర్డు లేదు.
బొగ్గు ఎర్రబడితే వీధికి తెలిసిపోతుంది.
"ఏమక్కా, వారానికి రెండేనా ఇప్పుడు?" అన్నాడు,
మా ఇంట్లోవాళ్ళకి నేనింకా చెప్పకముందే.

నిన్న రాత్రి ఒక విన్నపం వచ్చింది.
దేచమ్మ బోపయ్య.
ఆవిడే. నాలుగు నిమిషాల కాల్‌లో
కాగితం చూసి మమ్మల్నందరినీ చదివేసిన హెచ్చార్.
ఆవిడ ఫోటో చుట్టూ కూడా ఆకుపచ్చ గాజు.
"నా గురించి రెండు మాటలు రాస్తారా?"

రాసి చెరిపాను.
మొదటిది నలుగురిలో అనదగ్గ మాట కాదు.
రెండోది అబద్ధం.
తెల్లవారుజామున గుర్తొచ్చింది:
ఆ రోజు కెమెరా ఆపుకుని వింటున్నాను,
పద్దెనిమిది పేర్లు గబగబా దొర్లుతున్నాయి,
నా దగ్గరికొచ్చి ఆవిడ ఆగింది.
ఊపిరి తీసుకుంది.
ఉరుకుందమ్మ, అంది
ఒక్క అక్షరమూ మింగకుండా.
ఈ ఊళ్ళో నన్నలా పిలిచిన మనిషి ఆవిడొక్కతే.

అదే రాశాను.
"చెడ్డ వార్త చెప్పేటప్పుడు కూడా
ఈమె మనుషుల పేర్లు సరిగ్గా పలుకుతారు."
ఉద్యోగానికి పనికొచ్చే మాటో కాదో తెలియదు.
పంపగానే దాని కింద
తెర తనంతట తానే నా సంతకం అంటించింది:
యూకే.

చూశాను.
తప్పు దొరికింది.
ఎనిమిదిన్నరకి ఇంకా చాలా టైముంది.
కింద మునిరాజు అట్టముక్కతో
బొగ్గుని విసురుతున్న చప్పుడు.